ఆయన నంబరు నీకు తెలుసా?

ఒడిశాలోని పర్లాకిమిడిలో, రిటైరైన సుబేదార్ గారింటి పెరట్లో, సంక్రాంతికి ముందు ఆదివారం మాజీ సైనికుల కుటుంబాలన్నీ కలిసినప్పుడు ఒక హవల్దార్ గారి భార్య మాట్లాడిన మాటలివి. రాలేకపోయినవాళ్ళ కోసం ఫోనులో రికార్డు చేసింది విని రాశాం.

కూర్చోండి, కూర్చోండి. వంటకి ఇంకో గంట పడుతుందంటున్నారు. ఆ గంట నాకిచ్చారు. "అమ్మా, ఈసారి ఆడవాళ్ళ తరఫున నువ్వు మాట్లాడు" అన్నారు సుబేదార్ గారు. సరేనన్నాను. పనసచెట్టు కింద కూర్చున్నవాళ్ళకి వినపడుతోందా? వినపడుతోంది కదా.

ముందొక చిన్న పని చేద్దాం. ఈ కుర్చీలు చూడండి. చెట్టు కింద మగవాళ్ళు, నూతి దగ్గర ఆడవాళ్ళు. ప్రతి ఏడూ ఇంతే. ఈ గంటసేపు మటుకు ఎవరి ఇంటాయన పక్కన వాళ్ళు కూర్చోండి. వదినా, మీరూ రండి. ఆ వంకాయలు తరవాత తరుగుదురుగాని. నేను చెప్పేది ఇద్దరూ ఒకే చోట కూర్చుని వినాల్సింది. ఒకరు విని ఇంకొకరికి చెప్పేది కాదు.

ఈ కలయిక మనం జనవరిలోనే ఎందుకు పెట్టుకుంటామో కొత్తగా వచ్చినవాళ్ళకి తెలియకపోవచ్చు. ఫీల్డ్ మార్షల్ కరియప్ప గారు రిటైరైంది 1953 జనవరి 14న. అందుకే ఆ రోజు మాజీ సైనికుల దినం. కానీ మనకి ఆ రోజు భోగో సంక్రాంతో అవుతుంది, ఆడవాళ్ళెవరూ పొయ్యి దగ్గర్నించి కదలలేరు. కూతుళ్ళు, అల్లుళ్ళు వస్తారు. అందుకని ముందొచ్చే ఆదివారం పెట్టుకున్నాం. గట్టు దాటి పాతపట్నం నుంచి వచ్చారు, గుణుపురం నుంచి వచ్చారు, బరంపురం నుంచి తెల్లారగట్ల బయల్దేరి వచ్చినవాళ్ళున్నారు. సంతోషం.

మగవాళ్ళు కలిస్తే ఏం మాట్లాడుకుంటారో నాకు తెలుసు. ఇరవై ఏళ్ళుగా వింటున్నాను. ఒకరు శ్రీలంక, ఒకరు సియాచిన్. మా వారైతే కార్గిల్ యుద్ధంలో ద్రాస్. ఆయన ఆర్టిలరీ, అంటే ఫిరంగుల దళం. 1999 జూన్ 13న తోలోలింగ్ దక్కింది, జూలై 4న టైగర్ హిల్ దక్కింది అని ఆయన చెబుతుంటే మా మనవడు నోరు తెరుచుకుని వింటాడు. నేనూ వింటాను, ఇప్పటికీ. నాకు గర్వమే. కానీ ఒక్కటడుగుతాను. అన్నయ్యలూ, మీరు అక్కడున్న ఆ రోజున మీ ఆవిడ ఇక్కడ ఏం చేస్తోందో మీలో ఎంతమందికి తెలుసు?

ఎంతమందికి తెలుసు? చెయ్యెత్తండి.

సరే. తప్పు పట్టడానికి అడగలేదు. మేము చెప్పలేదు కాబట్టే మీకు తెలీదు. ఆ జూన్లో నాకు ఏడో నెల. టీవీ పక్కింట్లో ఉండేది. రాత్రి వార్తల్లో ఫిరంగులు చూపించేవారు. ఆ ఫిరంగి పక్కన చెవులు మూసుకుని నిలబడ్డ ప్రతి మనిషీ మా వారిలాగే కనిపించేవారు. ఎక్కడున్నారో తెలీదు. ఉత్తరం మీద ఉండేది 56 ఎ.పి.ఓ. అని మిలటరీ పోస్టాఫీసు నంబరు, అంతే. అది ఏ ఊరు? ఏ కొండ? ఆ అడ్రసుకే రాయాలి. నేనేం రాశానో తెలుసా? "మీరు క్షేమమని తలుస్తాను, ఇక్కడ అందరం కులాసా." మామగారికి పక్షవాతం వచ్చి మంచంలో ఉన్నారు. అప్పుడూ రాశాను, అందరం కులాసా. వదినా, మీరేం రాసేవారు? అదే కదా? ఇక్కడున్న ప్రతి ఆడమనిషీ అదే రాసింది.

పురిటికి మా పుట్టింటికి వెళ్ళాను, గోపాలపురం పక్కన. ఆగస్టులో పిల్ల పుట్టింది. అక్టోబరు 29న వచ్చిన సూపర్ సైక్లోన్ అందరికీ తెలుసు. కానీ మా గంజాం వాళ్ళకి అదే నెల 17న ఇంకోటి వచ్చింది. పెంకులు ఒక్కొక్కటీ లేచి గోడకి కొట్టుకుని పగిలేవి. రెండు నెలల పిల్లని మంచం కింద పడుకోబెట్టి, నేను మంచానికి అడ్డంగా కూర్చున్నాను, తెల్లారేదాకా. ఆ సంగతి మా వారికి ఎప్పుడు చెప్పాను? పోయినేడు. ఇదే పెరట్లో. అదీ ఇంకెవరికో చెబుతుంటే ఆయన విన్నారు. ఇంటికెళ్ళాక చాలాసేపు ఏం మాట్లాడలేదు. తరవాత "ఏ మంచం?" అనడిగారు. అంతే అడిగారు.

అందుకే ఈ కలయిక నాకు ముఖ్యం. పోయినేడు జరిగిన ఇంకో సంగతి కూడా చెబుతాను, ఆయనగార్లు ఏమనుకోకపోతే. నూతి దగ్గర కూరలు తరుగుతూ ఒకావిడ అన్నారు: "మా ఆయన్ని నిద్రలో లేపాలంటే నేను భుజం మీద చెయ్యి వెయ్యను, కాలి బొటనవేలు పట్టుకుని లేపుతాను, దూరంగా నిలబడి." పక్కావిడ కత్తిపీట ఆపేసింది. "నేనూ అంతే" అంది. ఇంకొకావిడ, "నేనూనూ". నేనూ అంతే. రిటైరై వచ్చిన కొత్తల్లో ఒకసారి భుజం పట్టుకు లేపితే ఆయన ఒక్క ఊపున లేచి నా మణికట్టు పట్టేసుకున్నారు. కళ్ళు తెరిచే ఉన్నాయి, నన్ను చూడట్లేదు. ఆ తరవాత ఎప్పుడూ కాలివేలే. ఇన్నేళ్ళూ మా ఇంట్లోనే ఇలా ఉందనుకున్నాను. ఎవరికైనా చెబితే ఆయన పరువు పోతుందనుకున్నాను. అక్కడ కూర్చున్నవాళ్ళం తొమ్మిదిమందిమి. తొమ్మిదిమందిలో ఆరుగురం కాలివేలు పట్టుకునే లేపుతున్నాం. ఎవరూ ఎవరికీ నేర్పలేదు.

ఇది ఏ డాక్టరు దగ్గర చెబుతాం చెప్పండి? కత్తిపీట ముందు కూర్చుంటేనే వస్తుంది. నిద్ర పట్టనివాళ్ళు, పట్టినా కేకలు వేసేవాళ్ళు, ఎవరైనా ఉంటే దాయకండి. మాజీ సైనికుల వైద్య పథకం, ఇ.సి.హెచ్.ఎస్., 2003 ఏప్రిల్ నుంచి మనకుంది. కార్డు ఒక్క బి.పి.కీ షుగరుకీ కాదు, దీనికీ పనికొస్తుంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

మా బావగారు, అంటే మా వారి అన్నగారు, నాయక్‌గా రిటైరయ్యారు. తరవాత ఒక బ్యాంకు ముందు గార్డుగా చేశారు. మీలో చాలామంది ఆయన్ని ఎరుగుదురు. ఒకరోజు డ్యూటీ నుంచి వచ్చి మంచినీళ్ళడిగారు. అప్ప, అంటే ఆయన భార్య, మా తోడికోడలు, లోపలికెళ్ళి గ్లాసు తెచ్చేలోపల అయిపోయింది. పదో రోజు, పదకొండో రోజు అన్నీ జరిపించాం. నెలాఖరుకి పింఛను పడలేదు. పడదు కదా, చనిపోయారని చెప్పాం. ఇక అప్పకి ఫ్యామిలీ పింఛను మొదలవ్వాలి. ఒక ఆఫీసుకి వెళ్ళాం. ఏ ఆఫీసో చెప్పను. కిటికీ లోపల కూర్చున్నాయన అడిగిన మొదటి ప్రశ్న: "సైనికుడి నంబరు ఎంత?"

అప్పకి తెలీదు.

ముప్ఫై రెండేళ్ళ కాపురం. ఆయనకి ఉప్పు ఎంత కావాలో తెలుసు, ఏ మోకాలు నొప్పో తెలుసు, ఏ పాట వస్తే లేచి వెళ్ళిపోతారో తెలుసు. నంబరు తెలీదు. ఆ కిటికీ ఆయన విసుక్కున్నాడు. అప్ప ఏమందో తెలుసా? "బాబూ, ఆయన్ని నేను నంబరుతో పిలిచేదాన్ని కాదు కదా" అంది. నేను పక్కనే ఉన్నాను. ఆ మాట నాకు ఇప్పటికీ చెవుల్లోనే ఉంది.

నంబరు తరవాత ట్రంకు పెట్టె మీద దొరికింది. నల్ల పెట్టె మీద తెల్ల రంగుతో రాసి ఉంటుంది కదా, నంబరు, ర్యాంకు, పేరు. ఆ పెట్టెలో అప్ప బియ్యం పోసుకుంది. ఇన్నేళ్ళూ రోజూ దాన్ని తెరిచి మూసింది.

నంబరు దొరికితే అయిపోలేదు. అప్ప పేరు కలవలేదు. అప్ప పేరు ఇక్కడ చెప్పను, లక్ష్మి అనుకోండి. డిశ్చార్జి బుక్కులో లక్ష్మి. ఆధార్లో లక్ష్మమ్మ. ఓటరు కార్డు ఒడియాలో ఉంది, అందులో ఇంకోలా ఉంది. మన ఊళ్ళ సంగతి మీకు తెలిసిందే. ఒడియావాళ్ళు 'వ'కి 'బ' అంటారు. మన వెంకటరావు వాళ్ళ కాగితంలో బెంకటరావు. అది వాళ్ళ తప్పు కాదు, వాళ్ళ భాష అంతే. పైగా మన ఇంటిపేరు ముందుంటుంది, వాళ్ళది చివర. మిలటరీ ఫారంలో మొదటి పేరు, చివరి పేరు అని రెండు గళ్ళు. రాసే గుమస్తా పంజాబ్ నుంచి వచ్చినవాడు కావచ్చు, బీహార్ నుంచి వచ్చినవాడు కావచ్చు. ముందున్నదే పేరనుకుని ఇంటిపేరుని పేరు చేసేస్తాడు. అలా చూస్తే ఈ ఊళ్ళో ఒకే ఇంటిపేరుగల ఆడవాళ్ళందరిదీ ఒకే పేరు! పెళ్ళికి ముందు పుట్టింటి ఇంటిపేరు, పెళ్ళయ్యాక అత్తింటి ఇంటిపేరు, అదొక చిక్కు. పెళ్ళయినట్టు మిలటరీ రికార్డులో ఎక్కించే పార్ట్ టూ ఆర్డర్ వేయించేటప్పుడు మొగుడు హడావుడిలో ఏ పేరు చెప్పాడో, అదే జీవితాంతం.

పద్నాలుగు నెలలు. పద్నాలుగు నెలలు అప్పకి ఒక్క రూపాయి రాలేదు. ఒక చోటికి వెళితే ఇంకో చోటికి వెళ్ళమన్నారు, అక్కడికెళితే మొదటి చోటికే పొమ్మన్నారు. ఒక ప్లాస్టిక్ కవరులో కాగితాలు పెట్టుకుని తిరిగేది, వానకి తడవకుండా ఛాతీకి హత్తుకుని. చేతి గాజులు తాకట్టు పెట్టింది. మా ఇంట్లో ఉండమంటే ఉండలేదు. "ఆయన సంపాదించింది నాకుందిరా" అనేది మా వారితో. ఉంది, నిజంగానే ఉంది. కానీ ఇంట్లోకి రావడం లేదు.

చివరికి ఎలా వచ్చింది? ఒకరు పరుగెత్తితే రాలేదు. ఈ పెరట్లో కూర్చున్న సుబేదార్ గారు, పాతపట్నం నుంచి వచ్చిన అన్నయ్య, ఇంకో ఇద్దరు కలిసి కూర్చున్నారు. ఈ రెండు పేర్లూ ఒకే మనిషివని అఫిడవిట్ చేయించారు. జిల్లా సైనిక్ బోర్డు ద్వారా రికార్డ్ ఆఫీసుకి పంపించారు. వదలకుండా వెంటపడ్డారు. బకాయిలతో సహా వచ్చింది. అప్ప మొదటగా గాజులు విడిపించుకోలేదు. పక్కింటి కిరాణా కొట్టు బాకీ తీర్చింది.

నేను ఆ రాత్రి ఇంటికొచ్చి మా వారి పెట్టె తెరిచాను. "ఏం వెతుకుతున్నావ్?" అన్నారు. డిశ్చార్జి బుక్కు అన్నాను. "ఎందుకు?" అన్నారు. మీరు పోతే నాకేం వస్తుందో చూడ్డానికి అన్నాను. ఆయనకి కోపం వచ్చింది. "అశుభం మాట్లాడకు" అన్నారు. ఆ మాట దగ్గరే అందరి ఇళ్ళలోనూ ఆగిపోతోంది. అశుభం మాట్లాడకు. అన్నయ్యలూ, మీరు ప్రతి ఏడూ బోర్డర్‌కి వెళ్ళేటప్పుడు మేం బొట్టు పెట్టి పంపించాం. తిరిగొస్తారో రారో తెలీకే పంపించాం. అప్పుడు తట్టుకున్నవాళ్ళం ఇప్పుడు ఒక కాగితం చూస్తే తట్టుకోలేమా?

బుక్కు తెరిచి చూశాను. నా పుట్టినతేదీ ఒక ఏడాది తేడా. మా చిన్నదాని పేరు అసలు ఎక్కనే లేదు. తుఫాను రాత్రి మంచం కింద పడుకోబెట్టిన పిల్ల, కాగితం ప్రకారం పుట్టనే లేదు. అప్పుడాయన కళ్ళజోడు తెచ్చుకుని నా పక్కన కూర్చున్నారు.

ఆయన బతికుండగా సరిచేయించుకోవడానికీ, పోయాక సరిచేయించుకోవడానికీ ఎంత తేడా ఉందో మీకు చెప్పాలి. బతికుంటే ఆయన సంతకం ఉంది. దరఖాస్తు ఆయన పేరున వెళుతుంది, అఫిడవిట్ ఆయన చేస్తారు, రికార్డ్ ఆఫీసు అడిగినదానికి జవాబు ఆయన ఇస్తారు. పోయాక, నేనే ఆయన భార్యనని నేను రుజువు చేసుకోవాలి. ఇంతకంటే అవమానం ఏముంది?

ఎవరి రికార్డ్ ఆఫీసు ఎక్కడో మగవాళ్ళకి నిద్రలో లేపినా తెలుసు. మద్రాస్ రెజిమెంటుది వెల్లింగ్టన్, ఆర్టిలరీది నాసిక్, బళ్ళూ యంత్రాలూ బాగుచేసే ఇ.ఎం.ఇ.ది సికింద్రాబాద్, సిగ్నల్స్‌ది జబల్‌పూర్. మాకెందుకు తెలీకూడదు? వన్ ర్యాంక్ వన్ పెన్షన్ 2014 జూలై 1 నుంచి లెక్క, అయిదేళ్ళకోసారి సవరణ అని మీరు ఈ చెట్టుకింద గంటలు గంటలు మాట్లాడుకున్నారు. బాగుంది. మీరు పోయాక మాకెంత వస్తుందో ఎప్పుడైనా మాట్లాడుకున్నారా? నేను చెబుతాను. మామూలు ఫ్యామిలీ పింఛను ఆఖరి జీతంలో 30 శాతం. అది 9,000కి తగ్గకూడదు, దాని మీద కరువు భత్యం వేరే. రిటైరయ్యాక పోయినవాళ్ళ విషయంలో మొదట కొన్నాళ్ళు 50 శాతం ఇస్తారు. ఎన్నాళ్ళు? పోయిన నాటి నుంచి 7 ఏళ్ళు, లేదా ఆయన బతికుంటే 67 నిండే రోజు దాకా, ఏది ముందైతే అది. ఆ తరవాత 30కి తగ్గుతుంది. తగ్గినప్పుడు ఎవరో కోసేశారని కంగారుపడి బ్యాంకుకి పరుగెత్తిన ఆవిడ మనలోనే ఉన్నారు.

ఇంకోటి. ఎదిగినా తన కాళ్ళ మీద తను బతకలేని బిడ్డ ఇంట్లో ఉంటే, తల్లీ తండ్రీ తరవాత ఆ బిడ్డకి జీవితాంతం ఫ్యామిలీ పింఛను వచ్చే దారి ఉంది. దానికి డాక్టరు సర్టిఫికెట్టుతో ముందే పేరు ఎక్కించుకోవచ్చు. ఆ ఇంటివాళ్ళు నాకు తెలుసు, వాళ్ళకి నేను విడిగా చెబుతాను. భర్త పోయి పుట్టింటికొచ్చిన కూతురికి కూడా హక్కుంది. అడగండి, సిగ్గుపడకండి.

లైఫ్ సర్టిఫికెట్టు గురించి ఒక్క మాట. ఇప్పుడంతా స్పర్శ్ అయింది కదా, కంప్యూటర్లో నడిచే పింఛను పద్ధతి. ఏడాదికోసారి బతికున్నామని చూపించాలి. మన పెద్దమ్మలకి వేలిముద్ర పడట్లేదు. ఎలా పడుతుంది? చింతపండు పిసికి, అంట్లు తోమి, గీతలన్నీ అరిగిపోయాయి. మొన్న ఒకావిడ అయిదు చోట్ల వేలు పెట్టి, పడక, ఏడుస్తూ ఇంటికొచ్చింది. వేలే పెట్టక్కర్లేదు, ఫోనులో మొహం చూపించి కూడా జీవన్ ప్రమాణ్, అంటే ఆ లైఫ్ సర్టిఫికెట్టు, చెయ్యొచ్చు. మా చిన్నది ఇవాళ వచ్చింది, అదుగో, అరుగు మీద. ఎవరికి కావాలన్నా చూపిస్తుంది. ఆ పిల్ల పేరు ఇప్పుడు కాగితంలో ఉంది.

సరే, అన్నాలు అయినట్టున్నాయి, వాసన వస్తోంది. భోజనాలయ్యాక మగవాళ్ళు చెట్టు కిందకి వెళ్ళిపోకండి. అందర్నీ డిశ్చార్జి బుక్కు, పింఛను మంజూరు కాగితం పి.పి.ఓ., ఆధార్ తెమ్మని కబురు పెట్టాం కదా. తెచ్చారా? తేనివాళ్ళు ఫోన్లో ఫొటో అయినా ఉందేమో చూడండి. ఈ నులకమంచం మీద దుప్పటి పరిచాం. ఒక్కొక్క జంటా వచ్చి కూర్చోండి. ఆయన నంబరు ఆవిడ చెప్పాలి, చూడకుండా. బుక్కులో ఆవిడ పేరు ఆయన అక్షరం అక్షరం చదవాలి, ఆవిడ ఆధార్ పట్టుకుని చూసుకోవాలి. ఇద్దరూ కలిసి దిగిన ఫొటో ఉందో లేదో చూసుకోవాలి. తేడా ఉన్నవి ఈ నోటుబుక్కులో రాస్తాం. సోమవారం నుంచి మనవాళ్ళు నలుగురు వాటి పని మీదే ఉంటారు.

రాసుకునేది నేను కాదు. అప్ప రాస్తుంది. బావగారి నంబరు ఆవిడకి ఇప్పుడు ఎప్పుడడిగినా నోటికొచ్చు. పద్నాలుగు నెలల్లో ఏ కాగితం ఎక్కడ ఆగుతుందో, ఏ కాగితానికి ఎన్ని నకళ్ళు కావాలో మనందరికంటే ఆవిడకే బాగా తెలుసు.

అప్పా, ఇలా రా. ఆ మూల కాదు, ఇటు పక్క కూర్చో. ఇక్కడ కాగితాల మీద వెలుతురు బాగా పడుతోంది.